ఇంటి కాపలాకు తుపాకీ: ముందు దర్వాజ లెక్క తేలాలి

రాత్రి రెండు గంటలు. దేవరకొండ వైపు ఒక పల్లె. కుక్క ఒక్కసారిగా మొరిగింది, వాకిట్లో బిందె దొర్లిన చప్పుడైంది. మంచంలో లేచి కూర్చున్న మనిషికి ఆ క్షణంలో తెలిసింది ఒక్కటే, బయట ఎవరో ఉన్నారని. ఆ ఎవరో దొంగ కావచ్చు. హైదరాబాద్ నుంచి ఆఖరి బస్సుకు దిగి, ఫోన్‌లో చార్జింగ్ అయిపోయి, చెప్పకుండా వచ్చిన కొడుకు కావచ్చు. కల్లు ఎక్కువై ఇల్లు తప్పిన పక్క వాడకట్టు మనిషి కావచ్చు. తలుగు తెంచుకున్న బర్రెను వెతుక్కుంటూ వచ్చిన పాలివాడూ కావచ్చు.

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో రాత్రిపూట మనుషులు తిరగడం వింతేమీ కాదు. వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. అంతకుముందు ఏళ్ల తరబడి రైతు అర్ధరాత్రి టార్చి పట్టుకొని మోటారు పెట్టడానికి పోయినవాడే. ఇంటి రక్షణకు తుపాకీ అనగానే అందరూ అడిగేది "ఏది కొనాలి" అని. ఆ ప్రశ్న వరుసలో మూడోదో నాలుగోదో. చీకట్లో నిలబడ్డది ఎవరో తేల్చుకోగలమా అన్నది మొదటిది. తేల్చుకునేదాకా దర్వాజ ఆగుతుందా అన్నది రెండోది.

అసలు భయం దేని గురించో కూడా చూడాలి. పాలమూరులో వలస పోయిన కుటుంబాల ఇళ్లకు నెలల తరబడి తాళాలు వేలాడుతుంటాయి. దొంగలు పడ్డారని ఎక్కువగా వినిపించేది అలాంటి ఇళ్ల గురించే. ఎవరూ లేని ఇంటిని బీరువాలోని తుపాకీ కాపాడదు, పైగా దొంగకు అదే అన్నిటికంటే విలువైన సొత్తు అవుతుంది. అది పోతే ఎక్కడ పెట్టారు, ఎందుకు పోయిందని స్టేషన్‌లో జవాబు చెప్పుకోవాల్సింది లైసెన్స్ ఉన్న మనిషే. పొలాల దగ్గర మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లలో రాగి తీగ, దొడ్లో గొర్రెలు పోవడం మామూలే. వాటి కోసం తుపాకీ పేల్చే హక్కు ఎంతవరకు ఉందో ముందు ముందు చూద్దాం. ఇవన్నీ తీసేస్తే మిగిలేవి ఊరికి దూరంగా ఉన్న ఒంటి ఇళ్లు, పిల్లలు ఎక్కడో స్థిరపడి ఒంటరిగా మిగిలిన ముసలివాళ్లు, రోజూ నగదుతో ఇంటికి చేరే వ్యాపారులు, భూతగాదాల్లో బెదిరింపులు వచ్చినవాళ్లు. భువనగిరి చుట్టుపక్కల భూముల వ్యవహారాల్లో గ్యాంగ్‌స్టర్ నయీం పేరు చెప్తే ఎంత హడలిపోయేవారో ఇంకా మరిచిపోలేదు. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో అతను ఎన్‌కౌంటర్‌లో చనిపోయేదాకా ఆ భయం నిజమైనదే. అలాంటి చోట తుపాకీ కావాలనుకోవడాన్ని కొట్టిపారేయలేం.

కానీ హోదా కోసం పెట్టుకునే దరఖాస్తులూ ఉంటాయి. ఈ నేలమీద తుపాకీ అంటే దొరల గడీ గుర్తొస్తుంది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీ గుండుకే నేలకొరిగాడు. అప్పటికి ఆ ఊరు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉంది. ఎదురు నిలిచిన జనం చేతుల్లో వడిసెలలు, కర్రలు, రాళ్లు, తర్వాత ముందు నుంచి మందు కూరే భర్మార్ తుపాకులు. గడీలు కూలి ఎన్నో ఏళ్లయినా, గోడకు తగిలించిన డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల తుపాకీ) పెద్దమనిషికి గుర్తు అన్న లెక్క కొందరి మనసుల్లోంచి పోలేదు. గోడకు తగిలించడం నేటి నిబంధనల ప్రకారం సరికాదన్నది వేరే సంగతి.

చట్టం సంగతికి వస్తే, ఆయుధాల చట్టం 1959 నాటిది, ఇప్పుడు నడుస్తున్న నియమాలు 2016వి. లైసెన్స్ లేకుండా తుపాకీ పెట్టుకోవడానికి వీల్లేదు. 21 ఏళ్లు నిండాలి. జిల్లాల్లో కలెక్టర్, కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్ లైసెన్స్ ఇస్తారు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే పోలీసు విచారణ జరుగుతుంది. కేసులున్నాయా, ఊళ్లో తగాదాలున్నాయా, తాగుడు అలవాటుందా, నిజంగా ముప్పు ఉందా అన్నీ అడుగుతారు. శారీరకంగా, మానసికంగా ఆరోగ్యంగా ఉన్నారని, మత్తుకు బానిస కాదని డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. తుపాకీని భద్రంగా దాస్తామని రాసివ్వాలి. వాడకంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ ఉండాలి. 2019 సవరణ తర్వాత మామూలు మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు. అంతకుముందు మూడు ఉండేవి. లైసెన్స్ గడువు మాత్రం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. అదే సవరణలో ఇంకో ముక్క కూడా ఉంది. పెళ్లి బరాత్‌లోనో దసరా జమ్మి దగ్గరో సంబరానికి గాల్లోకి కాల్చి ఇతరులకు ప్రమాదం తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

లైసెన్స్ ఇంటికి కాదు, ఒక మనిషికి. చాలామంది పట్టించుకోని విషయం ఇది. నాయన పేరున లైసెన్స్ ఉంటే కొడుకు ఆ తుపాకీని భుజాన వేసుకొని చేనుకాడికి పోవడం నేరం. తోట కాపలా మనిషి చేతికి ఇవ్వాలంటే అతని పేరు లైసెన్స్‌లో రాయించాలి. యజమాని ఊళ్లో లేని రాత్రి, అంటే ఇంటివాళ్లకు భయం ఎక్కువగా ఉండే రాత్రి, ఆ తుపాకీ ఎవరికీ అక్కరకు రాదు.

ఈ తతంగమంతా ఎందుకని నాటు తుపాకీ వైపు చూసేవాళ్లు ఉంటారు. నల్లమల అంచున అచ్చంపేట, అమ్రాబాద్ ప్రాంతాల్లో భర్మార్ పాతకాలం నుంచీ తెలిసిన వస్తువే. ముందు నుంచి మందు పోసి, కూరి, గుండు వేసి పేల్చే ఆ గొట్టం ఎప్పుడు పేలుతుందో, ఎటు పగులుతుందో చేసినవాడికీ తెలియదు. బయటి రాష్ట్రాల నుంచి చేతులు మారి వచ్చే తపంచాలూ (నాటు పిస్తోళ్లు) అంతే. లైసెన్స్ లేని తుపాకీ దొరికితే కనీసం రెండేళ్లు, ఐదేళ్ల దాకా జైలు. పంట కాపలాకు నిజంగా భర్మార్ కావాలన్నా దానికీ లైసెన్స్ దారి చట్టంలోనే ఉంది. ఆత్మరక్షణకు 20 అంగుళాలకు తగ్గని గొట్టమున్న, లోపల నున్నగా ఉండే తుపాకీకి, పంట కాపలాకు ముందు నుంచి మందు కూరే తుపాకీకి చట్టం కాస్త సులువైన వరుసలోనే చోటిచ్చింది.

లైసెన్స్ వచ్చిందనుకుందాం. పౌరులకు 9 ఎంఎం పిస్తోలు, .303 రైఫిల్ లాంటివి నిషిద్ధ కోవలోకి వస్తాయి (ఈ అంకెలు గొట్టం లోపలి వెడల్పు కొలతలు). దుకాణంలో మామూలుగా ముందుకొచ్చేవి 12 బోరు తుపాకీ, .32 రివాల్వర్, .32 పిస్తోలు, .315 రైఫిల్. వీటిలో రైఫిల్‌ను ఇంటి రక్షణ లెక్కలోంచి వెంటనే తీసేయవచ్చు. దాని గుండు దొంగను దాటి, గోడను దాటి, పక్కింటి దాకా పోగలదు.

12 బోరు అన్న పేరు వెనక ఒక పాత కొలత ఉంది. ఒక పౌండు సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు వెడల్పు ఎంతో గొట్టం వెడల్పు అంత, దాదాపు 18.5 మిల్లీమీటర్లు. అందుకే అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది. దీని తూటాలో ఒక్క గుండు బదులు చాలా పెల్లెట్లు, అంటే చిన్న చిన్న గుండ్లు, ఉంటాయి. "గురి చూడక్కర్లేదు, అటువైపు పేలిస్తే చాలు" అన్న మాట అక్కడి నుంచే పుట్టింది. అది తప్పు. మామూలు గొట్టం నుంచి పెల్లెట్లు గజానికి సుమారు అంగుళం చొప్పున విచ్చుకుంటాయి. పన్నెండు అడుగుల గదిలో ఈ చివర నుంచి ఆ చివరకు కాలిస్తే అవి పడేది అరచేయంత మేర. గురి తప్పితే మొత్తం తప్పినట్టే. తప్పినవి ఎటు పోతాయన్నది ఇంటిని బట్టి ఉంటుంది. రేకుల ఇల్లయితే పెద్ద పెల్లెట్లు రేకును చీల్చుకొని బయటికి పోతాయి, అవతల పక్కింటివాళ్లు ఎండాకాలం వాకిట్లో మంచాలు వేసుకొని పడుకొని ఉంటారు. స్లాబు ఇల్లయితే కాంక్రీటుకో కింది తాండూరు బండలకో తగిలి ఎటు ఎగురుతాయో చెప్పలేం.

అయినా ఇంటి రక్షణకు మాత్రమే అనుకుంటే, రెండు చేతులతో, భుజానికి ఆనించి పట్టుకునే డబుల్ బ్యారెల్ మిగతావాటికంటే మెరుగు. ఎందుకంటే దానిలో దాపరికం లేదు. పైనున్న మీట పక్కకు నెడితే తుపాకీ నడుము దగ్గర విరిగినట్టు వంగుతుంది. రెండు తూటాల ఇత్తడి అంచులు కనిపిస్తాయి, లేదంటే రెండు ఖాళీ రంధ్రాలు కనిపిస్తాయి. చీకటైతే చిటికెన వేలు పెట్టి చూడవచ్చు. ఖాళీనో కాదో అన్న అనుమానం ఉండదు. పిస్తోలు అలా కాదు. తూటాలుండే మ్యాగజైన్ బయటికి తీసి "ఖాళీ" అనుకున్నాక కూడా గొట్టం వెనక ఒక తూటా మిగిలి ఉండొచ్చు. తుడుస్తుంటే పేలిందన్న వార్తల వెనక చాలాసార్లు ఉండేది ఆ ఒక్క తూటానే. డబుల్ బ్యారెల్‌కు లోపాలు లేకపోలేదు. బరువు, పొడవు, ఇరుకు గదిలో తిప్పడం కష్టం, భుజానికి తగిలే దెబ్బ అరవై దాటినవాళ్లు తట్టుకోవడం కష్టం. పైగా మూసిన గదిలో పేలిస్తే చెవులు గింగురుమని కాసేపు ఏమీ వినిపించదు. అప్పుడు "నాయనా, నేనే" అన్న మాట కూడా వినిపించదు.

రివాల్వర్ చూడ్డానికి సులువు, కాల్చడానికి కష్టం. 2014లో కాన్పూర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నిర్భీక్ .32 రివాల్వర్‌ను మహిళల కోసమని ప్రచారం చేశారు. బరువు సుమారు అర కిలో, అప్పటి ధర 1.2 లక్షల రూపాయల పైచిలుకు. తేలికగా ఉండటం హ్యాండ్‌బ్యాగుకు మంచిదే గానీ, తుపాకీ ఎంత తేలికైతే చేతిలో అంత ఎగురుతుంది. గొట్టం పొట్టిదైతే చేతిలో కొంచెం వణుకు గురిలో పెద్ద తేడా అవుతుంది. నిద్రలోంచి లేచి, గుండె దడదడలాడుతున్న మనిషి చెయ్యి వణకకుండా ఉండదు. నెలకోసారైనా సాధన చేయనివాళ్లకు రివాల్వర్ దండగ అనడమే నిజాయితీ.

సాధన అంటే ఏమిటో కూడా సరిగా అర్థం చేసుకోవాలి. లైసెన్స్ కోసం తెచ్చిన శిక్షణ సర్టిఫికెట్ మొదటి మెట్టు మాత్రమే. డ్రైవింగ్ లైసెన్స్ వచ్చిన మర్నాడు ఎవరూ విజయవాడ హైవే మీద అర్ధరాత్రి లారీల మధ్య బండి నడపరు కదా. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ వైపు రాష్ట్ర క్రీడా సంస్థ షూటింగ్ రేంజ్ ఉంది. అక్కడ నేర్పేది క్రీడ. ఇంటి రక్షణ కాదు. అయినా ఊపిరి బిగపట్టడం, ట్రిగ్గర్‌ను గుంజకుండా మెల్లగా నొక్కడం, గొట్టం ఎప్పుడూ మనుషుల వైపు తిప్పకపోవడం అక్కడ ఒంటపడతాయి. .177 బోరు ఎయిర్ రైఫిల్ 20 జౌల్‌ల శక్తికి లోపల ఉంటే లైసెన్స్ అక్కర్లేదు. వేలి క్రమశిక్షణ దానితోనే ముప్పావు వంతు వస్తుంది. ప్రతి తుపాకీనీ నిండుగా ఉన్నదనే అనుకోవాలి, కాల్చాలని తేల్చుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు, ఎదుటి మనిషి వెనక ఏముందో చూడకుండా కాల్చకూడదు. ఈ మూడూ చెప్పుకోవడానికి తేలిక, రాత్రి రెండింటికి గుర్తుండాలంటే వందలసార్లు చేసి ఉండాలి.

రేంజ్‌లో నేర్పనిది ఒకటి ఇంట్లోనే చేయవచ్చు, తుపాకీ లేకుండానే. రాత్రి లైట్లన్నీ తీసేసి, ఇంట్లో ఒకరు చెప్పకుండా వాకిట్లోకో పెరట్లోకో వెళ్లి నిలబడాలి. లోపలున్నవాళ్లు కిటికీలోంచి చూసి ఎవరో చెప్పాలి. కొడుకా, అల్లుడా, పాలేరా? చాలా ఇళ్లలో మొదటిసారి చెప్పలేరు. ఆ తర్వాత మంచి టార్చి ఒకటి కొంటారు, వాకిట్లో బల్బు పెడతారు, స్విచ్ లోపలే ఉండేలా మార్పిస్తారు. టార్చి విడిగా ఉండాలి. తుపాకీకి కట్టుకుంటే, ఎవరో చూడటానికి కూడా గొట్టం వాళ్ల మీదికే తిప్పాల్సి వస్తుంది.

ఇక దాచడం. ఈ రెండు జిల్లాల్లో దీనికి ఎవరూ చెప్పనక్కర్లేని పోలిక ఉంది, పురుగుమందు డబ్బా. అప్పుల బాధలోనో ఇంట్లో గొడవలోనో వచ్చిన ఒక్క గడియ ఆవేశానికి చేతికి అందేంత దూరంలో ఆ డబ్బా ఉండటం ఎన్ని ఇళ్లను ముంచిందో పత్తి చేల ఊళ్లకు తెలుసు. ఆ గడియ దాటితే మనిషి మిగిలేవాడు. తుపాకీ ఆ మాత్రం గడువు కూడా ఇవ్వదు, ఆసుపత్రికి తీసుకుపోయే దారే ఉండదు. ఇంట్లో తాగుడు ఉన్నా, దిగులుతో ఉన్న మనిషి ఉన్నా, అన్నదమ్ముల మధ్య పంపకాల పంచాయితీ నడుస్తున్నా తుపాకీ కొనకపోవడమే సరైన నిర్ణయం. ఇందులో మొహమాటపడే పనిలేదు.

పిల్లలున్న ఇంట్లో తుపాకీ ఒకచోట, తూటాలు ఒకచోట, రెండింటికీ తాళాలు ఉండాలి. సజ్జ మీద, బట్టల కింద, దిండు కింద అన్నవి దాచడం కిందికి రావు. పిల్లలకు తెలియని సజ్జ ఏ ఇంట్లోనూ లేదు. గోడకు బోల్టులతో బిగించిన చిన్న ఇనుప పెట్టె, తాళంచెవి మొలతాడుకో మెడలోనో ఉండాలి. అప్పుడు చిక్కు బయటపడుతుంది. ఇలా దాచిన తుపాకీ చేతికొచ్చి, నిండి, సిద్ధం కావడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. క్షణంలో అందేలా పెడితే పిల్లలకూ అందుతుంది, భద్రంగా దాస్తే క్షణంలో అందదు. అమ్మేవాళ్లు ఈ చిక్కును ప్రస్తావించరు.

దీన్ని విప్పేది దర్వాజ. పాత భవంతి ఇళ్ల టేకు దర్వాజలు, అడ్డగడియలు ఊరికే పెట్టినవి కావు. దొంగ లోపలికి రావడానికి మూడు నిమిషాలు పట్టే తలుపు ఉంటే, రెండు నిమిషాల్లో సిద్ధమయ్యే తుపాకీకి అర్థం ఉంటుంది. ఒక్క తన్నుకు ఊడే ప్లైవుడ్ తలుపు వెనక ఎంత ఖరీదైన ఆయుధమైనా ఆలస్యంగానే వస్తుంది. తలుపుకు పైనా కిందా గొళ్లేలు, కిటికీలకు ఇనుప చువ్వలు, వాకిట్లో లైటు, ఊరకుక్కే అయినా సరే అన్నం తిని ఇంటిని అంటిపెట్టుకున్న కుక్క, ఇవన్నీ అయ్యాకే తుపాకీ వంతు. వీటన్నిటికీ అయ్యే ఖర్చు ఒక్క రివాల్వర్ ధర కంటే చాలా తక్కువ. వీటికి లైసెన్స్ కూడా అక్కర్లేదు.

అలికిడి అయినప్పుడు చేయాల్సింది కూడా దర్వాజను బట్టే ఉంటుంది. ఇంట్లోవాళ్లంతా ఒక గదిలోకి చేరి గడియ పెట్టుకోవాలి. 100కో 112కో ఫోన్ చేసి, లైన్ కట్ చేయకుండా ఉంచాలి. "ఎవరది? పోలీసులకు ఫోన్ చేసినం" అని గట్టిగా అరవాలి. దొంగ అయితే చాలాసార్లు ఆ అరుపుకే పోతాడు, కొడుకైతే జవాబిస్తాడు. తుపాకీ చేత పట్టుకొని గది గదీ వెతుక్కుంటూ పోవడం సినిమాల్లో బాగుంటుంది. నిజానికి అలా పోయినవాడు తన ఇంట్లో తనే గుడ్డివాడవుతాడు.

కాల్చాక ఏమవుతుంది? 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ గురించినవి. ప్రాణం పోతుందనో, తీవ్ర గాయం అవుతుందనో సహేతుకంగా భయపడితే ఎదుటివాడి ప్రాణం పోయినా అది నేరం కాకపోవచ్చు. ఆస్తి విషయంలో 41వ సెక్షన్ గీత గీసింది. దోపిడీ, పొద్దుగూకినాక పొద్దుపొడిచేలోపు ఇంట్లోకి చొరబడటం, మనుషులుండే ఇంటికి నిప్పు పెట్టడం, ప్రాణభయం కలిగించే తీరులో దొంగతనం లాంటివాటికే అంత దూరం పోనిస్తుంది. దొడ్లోంచి గొర్రెను ఎత్తుకొని పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే అందులోకి రాదు. బోరు మోటారు విప్పుతున్నవాడిని కాల్చినా రాదు. పోలీసులను పిలిచే వ్యవధి ఉన్నా పిలవకపోతే, అవసరమైనదానికంటే ఎక్కువ హాని చేస్తే హక్కు పోతుందని 37వ సెక్షన్ చెప్తుంది. అలాగని చట్టం పిరికితనం కోరదు. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు మనిషి తన దెబ్బను త్రాసులో తూచి కొట్టలేడని, పారిపోవాల్సిన పని లేదని 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వివరంగానే చెప్పింది. కానీ అదంతా కోర్టులో తేలే మాట. ముందు కేసు నమోదవుతుంది, తుపాకీ సీజ్ అవుతుంది, ఆత్మరక్షణ కోసమే కాల్చానని చూపించుకునే భారం కాల్చినవాడిదే. పెద్దడిశర్లపల్లి నుంచో కొల్లాపూర్ నుంచో కోర్టు చుట్టూ ఏళ్ల తరబడి తిరిగే ఖర్చు తుపాకీ ధరలో కలిపి చూసేవాళ్లు తక్కువ.

ఇంకో వింత ఎన్నికలు. నోటిఫికేషన్ రాగానే లైసెన్స్ తుపాకులు స్టేషన్‌లో అప్పగించాలని పిలుపు వస్తుంది. ఉమ్మడి నల్లగొండలో అసెంబ్లీ, లోక్‌సభ, పంచాయతీ ఎన్నికలకు తోడు 2019 అక్టోబర్‌లో హుజూర్‌నగర్, 2021 ఏప్రిల్‌లో నాగార్జునసాగర్, 2022 నవంబర్‌లో మునుగోడు ఉప ఎన్నికలు వచ్చాయి. ఊళ్లలో పంతాలు, కక్షలు పెరిగి, మందు ఏరులై పారే రోజులవి. అంటే భయం బాగా ఉన్నప్పుడే ఇంటి తుపాకీ స్టేషన్ గదిలో చీటీ కట్టించుకొని పడి ఉంటుంది. ఆ రోజుల్లో జనం చేతికి తుపాకీ అందకపోవడమే మేలు, ప్రభుత్వం చేసేది సరైన పనే. కాకపోతే ఇల్లు ఆ నెలా రెండు నెలలు మళ్లీ దర్వాజ మీద, కుక్క మీదే ఆధారపడుతుంది.

చివరగా, తుపాకీ మనిషి కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. లైసెన్స్‌దారుకు 70 ఏళ్లు నిండాక, లేదా తుపాకీ 25 ఏళ్లు దగ్గరున్నాక, వారసుల పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. వారసుడికీ అవే విచారణలు, అదే శిక్షణ. మార్చకుండానే పెద్దాయన పోతే, ఆ మర్నాటి నుంచి ఇంట్లో ఉన్నది లైసెన్స్ లేని ఆయుధం. దశదినకర్మ అయ్యేదాకా ఆగుదామనుకోకుండా స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో అప్పగించాలి. కొడుకు మియాపూర్ అపార్ట్‌మెంట్‌లో ఎనిమిదో అంతస్తులో ఉంటాడు. అతనికి డబుల్ బ్యారెల్ అక్కర్లేదు, అమ్ముదామంటే కొనేవాడికీ లైసెన్స్ ఉండాలి. పెద్దాయన ముచ్చటపడి కొన్న తుపాకీ రసీదు రాయించుకొని స్టేషన్‌కు పోతుంది. పల్లెలో ఆ ఇంటికి తాళం పడుతుంది.